వీధి చివర తాగి పడుకునే మనిషికి కాలనీ వాళ్ళు ఎలా సాయం చేయాలి (విశాఖ వాళ్ళ కోసం)

"మా గేటు పక్కన ఒకాయన రోజూ తాగి పడిపోతున్నాడండి, ఎవరికి ఫోన్ చేస్తే తీసుకెళ్తారు?" ఎంవీపీ కాలనీ వాళ్ళు అడిగినా, కంచరపాలెం వాళ్ళు అడిగినా, గాజువాక వాళ్ళు అడిగినా మాటలు ఇవే. అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

ముందే ఒక మాట. "తీసుకెళ్ళిపోయే" నంబర్ ఏదీ లేదు. వ్యాన్ ఎక్కించి పంపేస్తే అసీలుమెట్టలో లేచినవాడు మద్దిలపాలెంలో పడుకుంటాడు, నాలుగు రోజులు పోయాక మళ్ళీ మీ గేటు దగ్గరికే వస్తాడు. మందు మాన్పించే పని డాక్టర్లు చేస్తారు, అది వాళ్ళ పనే. కానీ హాస్పిటల్ గడప ఎక్కేదాకా ఒకరు, బయటికొచ్చాక కొన్నాళ్ళు ఒకరు వెంట ఉండకపోతే ఆ వైద్యం నిలవదు. ఆ రెండు పనులూ వీధిలో ఉన్నవాళ్ళే చేయగలరు, ఈ గైడ్ అంతా వాటి గురించే.

ఏమేం కావాలి

- ఇద్దరు మనుషులు. ఒక్కరు వద్దు, పదిమంది అసలే వద్దు. ఎప్పుడూ ఆ ఇద్దరే వెళ్ళాలి, మొహం గుర్తుపడితేనే ఆయన మాట్లాడతాడు. ఆడమనిషి దగ్గరికైతే ఇద్దరిలో ఒకరు కచ్చితంగా ఆడవాళ్ళు ఉండాలి.
- చిన్న నోట్‌బుక్. తేదీ, ఏం మాట్లాడాడు, ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, అంతే. హాస్పిటల్లో డాక్టర్ అడిగే ప్రశ్నలకి సగం జవాబులు ఇందులోనే దొరుకుతాయి.
- వాటర్ బాటిల్, బిస్కెట్ ప్యాకెట్, పాత దుప్పటి, చెప్పులు. చెప్పులు మర్చిపోకండి, కాళ్ళకి పుళ్ళు లేని వాళ్ళు చాలా తక్కువ.
- ఆటోకి, టిఫిన్‌కి, మందులకి కొంచెం డబ్బు. పెద్ద చందాలు ఎత్తొద్దు, డబ్బు ఎక్కువైతే లెక్కల గొడవ మొదలై అసలు మనిషిని మర్చిపోతారు.

ఫోన్లో సేవ్ చేసుకోవాల్సిన నంబర్లు

- 108: అంబులెన్స్
- 112: పోలీసు, ఎమర్జెన్సీ
- 14446: మత్తు మాన్పించడానికి కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్
- 14416: టెలీ మానస్, మానసిక సమస్యలకి, తెలుగులో మాట్లాడతారు
- 1098: పిల్లలైతే
- 181: ఆడవాళ్ళైతే
- 14567: వృద్ధులైతే
- 1972: గంజాయి, డ్రగ్స్ అమ్మేవాళ్ళ గురించి చెప్పడానికి, రాష్ట్రంలో డ్రగ్స్‌ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ టీమ్ వాళ్ళది

14446, 1972 ఈ రెండూ కలిపేయకండి. అమ్మేవాడి గురించి 1972, వాడేవాడి గురించి 14446. వాడేవాడిని పట్టించి "డ్యూటీ అయిపోయింది" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎన్డీపీఎస్ చట్టంలో (మత్తు పదార్థాల మీద కేంద్రం చేసిన చట్టం) 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, కొద్ది మొత్తంతోనో వాడుతూనో దొరికిన మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. అంటే చట్టమే వైద్యానికి దారి వదిలింది, మనం మూసేయకూడదు.

1. ముందు ఊపిరి చూడండి

మందు వాసన వస్తే చాలు "తాగి పడున్నాడులే" అని దాటి వెళ్ళిపోతాం. తలకి దెబ్బ తగిలినా, షుగర్ పడిపోయినా, పక్షవాతం వచ్చినా చూడటానికి తాగినట్టే ఉంటుంది. పైగా తాగి కిందపడి తలకి దెబ్బ తగిలించుకున్న మనిషిని తెల్లారేదాకా ఎవరూ పట్టించుకోకపోవడం చాలా చోట్ల జరిగేదే.

కాస్త దూరంలోనే నిలబడి గట్టిగా పిలవండి, పలక్కపోతే భుజం తట్టండి. కళ్ళు తెరిచి విసుక్కున్నా, తిట్టినా పర్లేదు, అది మంచి గుర్తే. కింద రాసినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి చేయండి:

- ఎంత పిలిచినా, తట్టినా ఉలుకూ పలుకూ లేకపోవడం
- ఊపిరి నిమిషానికి పదికంటే తక్కువ, లేదా మధ్యమధ్యలో ఆగి ఆగి రావడం
- పెదాలు, గోళ్ళు నీలంగా మారడం, ఒళ్ళు చల్లబడటం
- ఫిట్స్
- నిద్రలోనే వాంతి
- తలమీద దెబ్బ, చెవిలోంచి ముక్కులోంచి రక్తం
- కళ్ళు మసకగా ఉన్నాయి, కనపడట్లేదు అనడం. ఏదో తాగకూడనిది తాగాడని అనుమానించండి. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి మనుషులు చనిపోయారు, గుర్తుండే ఉంటుంది.

అంబులెన్స్ వచ్చేలోపు ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టండి, పై మోకాలు కొంచెం మడిచి, తల వెనక్కి వాల్చి నోరు కిందవైపు ఉండేలా. వెల్లకిలా వదిలేస్తే వాంతి గొంతుకి అడ్డం పడుతుంది. ఫిట్స్ వస్తుంటే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం ఇవేవీ వద్దు, పక్కన రాళ్ళూ గట్రా తీసేసి తలకింద ఏదైనా మెత్తటి గుడ్డ పెట్టండి చాలు.

మజ్జిగ పట్టించడం, నిమ్మరసం పిండటం, బకెట్ నీళ్ళు కుమ్మరించడం, ఇవి మన దగ్గర అందరికీ తెలిసిన వైద్యాలు, ఒక్కటీ పనిచేయదు. స్పృహలేని మనిషి నోట్లో ఏం పోసినా అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

108 వాళ్ళకి చెప్పేటప్పుడు "తాగుబోతు పడున్నాడు" అనకండి. "మనిషి స్పృహలో లేడు, ఊపిరి సరిగ్గా లేదు, ఫలానా జంక్షన్, ఫలానా గుడి ఎదురు" అనండి. నిజం అదే, పైగా వినే తీరు కూడా మారుతుంది.

2. మాట కలపండి, ఉపదేశం మాత్రం వద్దు

దీనికి పొద్దున్న ఆరూ ఏడూ మధ్య మంచి టైమ్. రాత్రి తాగింది దిగి ఉంటుంది, కొత్తది ఇంకా ఎక్కి ఉండదు. సాయంత్రం వెళ్తే మీరు ఏం మాట్లాడినా మర్నాటికి ఆయనకి గుర్తుండదు.

వయసుని బట్టి బాబాయ్, అన్నయ్యా, తాతా, అమ్మా అని పిలవండి, "ఏయ్" "ఒరేయ్" వద్దు. మొదటి రోజు రెండే ప్రశ్నలు: "టిఫిన్ తిన్నారా బాబాయ్?" "ఏ ఊరు మనది?" పలాస అనొచ్చు, బొబ్బిలి అనొచ్చు, ఒడిశా వైపు ఊరేదో చెప్పొచ్చు. తెలుగు సరిగ్గా రాకపోతే ఒడియా వచ్చిన ఆటో అన్ననో, కూలీనో ఒకరిని పట్టుకోండి. రైల్వే స్టేషన్ దగ్గరా, పూర్ణామార్కెట్ దగ్గరా వెతికితే దొరుకుతారు. సొంత భాష వినపడితే మొహం విప్పారుతుంది, అది చూస్తే మీకే తెలుస్తుంది.

డబ్బులు చేతికివ్వొద్దు. అన్న క్యాంటీన్‌లో పూట 5 రూపాయలే, దగ్గరుండి తినిపించండి లేదా దగ్గర్లో ఉన్న టిఫిన్ బండికి ముందే కట్టేసి "ఈయనకి రోజూ రెండు ఇడ్లీ" అని చెప్పండి. ఫొటోలు తీయొద్దు. ఆయన బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని ఉన్న ఫొటో మీ గ్రూపులో రెండు రోజులుంటుంది, ఆయన కూతురు ఎక్కడో చూసిందంటే ఆయనకి జీవితాంతం ఉంటుంది.

తాగుడు సంగతి మీరు ఎత్తకండి. నాలుగైదు సార్లు కలిశాక ఆయనే ఎత్తుతాడు, "మానేద్దామనే ఉంది బాబూ" అని. అప్పుడు "ఎప్పటి నుంచి?" అని కాకుండా "మానితే ఒంట్లో ఎలా ఉంటోంది?" అని అడగండి. ఎందుకో కింద చెప్తాను.

3. ఒక్కసారిగా మాన్పించకండి (ఇది రెండుసార్లు చదవండి)

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. మంచి ఉద్దేశంతోనే ఎవరో గదిలో పెట్టి తాళం వేసి "మూడు రోజులు చుక్క దొరక్కపోతే దానంతటదే పోతుంది" అంటారు. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషికి హఠాత్తుగా మందు ఆగిపోతే ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి తప్పి, లేని పురుగులు గోడమీద పాకుతున్నట్టు కనిపించి, జ్వరం వచ్చి, గుండె దడ పెరిగి ప్రాణమే పోవచ్చు. హాస్పిటల్లో మందులిచ్చి మెల్లగా దింపుతారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు, ఇంట్లో మనవల్ల అయ్యే పని కాదు.

అందుకే నోట్‌బుక్‌లో ఇవి రాసుకోండి: రోజుకి ఎంత తాగుతాడు, పొద్దున్న లేవగానే చేతులు వణుకుతాయా, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, చివరిసారి ఎప్పుడు తాగాడు. పొద్దున్నే వణుకుతూ మందు వెతుక్కునే మనిషైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేదాకా "ఈరోజు నుంచి బంద్" అని ఒట్లు వేయించొద్దు. సింహాచలం తీసుకెళ్ళి అప్పన్న ముందు ప్రమాణం చేయించాలనుకుంటే చేయించండి, భక్తి మంచిదే, కాకపోతే డాక్టర్‌కి చూపించాక.

మత్తు ఇంజెక్షన్లు వాడేవాళ్ళ సంగతి వేరు. ఊపిరి మందగించి, కంటిపాప సూదిమొనంత చిన్నదైపోతే అది ఓవర్‌డోస్, 108. పక్కన సిరంజిలు కనపడితే ఉత్త చేత్తో ఎత్తొద్దు, మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి.

పిల్లలు వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ గుడ్డలో పీలుస్తుంటే మీరు కౌన్సెలింగ్ మొదలుపెట్టకండి, 1098కి చేయండి. వాళ్ళకి అవి అమ్ముతున్న షాపు తెలిస్తే పోలీసులకి చెప్పండి. పిల్లలకి మత్తు పదార్థం ఇచ్చినవాళ్ళకి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది.

4. రాత్రికి నీడ

జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) నిరాశ్రయుల కోసం షెల్టర్లు నడుపుతోంది, స్వచ్ఛంద సంస్థల చేత. పడక, బాత్రూమ్ ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. మీకు దగ్గర్లో ఏది, అందులో మగవాళ్ళకా ఆడవాళ్ళకా అన్నది జీవీఎంసీ యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగంలోనో, మీ వార్డు సచివాలయంలోనో అడిగి రాసుకోండి. ఈ పని పగలు చేయండి. రాత్రి పదకొండుకి మనిషిని ఆటోలో వేసుకుని తిరిగితే చివరికి మళ్ళీ ఆర్టీసీ కాంప్లెక్స్ ముందే దించాల్సొస్తుంది.

బాగా తాగి ఉన్నవాళ్ళని చాలా షెల్టర్లు లోపలికి రానివ్వవు, మిగతావాళ్ళ నిద్ర గురించి వాళ్ళ భయం వాళ్ళది. కాబట్టి మొదటిసారి పగలు, తాగకముందు తీసుకెళ్ళండి, కేర్‌టేకర్‌ని పరిచయం చేయండి, పడక చూపించండి. వద్దంటే వదిలేయండి. "అక్కడ దొంగతనాలు జరుగుతాయి, నా మూట పోతుంది" అంటే అది వంక అనుకోవద్దు, ఆ మూటే ఆయన ఆస్తి. మూట పెట్టుకోడానికి చోటుందా అని మీరే కేర్‌టేకర్‌ని అడగండి.

5. చికిత్సకి తీసుకెళ్ళడం

విశాఖలో రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒంట్లో బాగోకపోతే, గాయాలుంటే, ఫిట్స్ వస్తే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి). తాగుడు, మత్తు మాన్పించడానికి చినవాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల. "పిచ్చాసుపత్రికా?" అని ఆయనే జడుసుకుంటాడు, అలాంటప్పుడు "నిద్ర పట్టడానికి, వణుకు తగ్గడానికి మందులిచ్చే డాక్టర్లు ఉంటారు" అని చెప్పండి, అబద్ధం కాదు అది. రెండు వారాలు దాటిన దగ్గుంటే టీబీ పరీక్ష కూడా అడగండి, పరీక్షా మందులూ ఉచితం.

తీసుకెళ్ళే రోజు:

- పొద్దున్నే ఓపీ టైముకి చేరుకునేలా బయలుదేరండి. ముందు కొంచెం టిఫిన్ తినిపించండి.
- ఆధార్ లేదని ఆగిపోకండి. లేదనే చెప్పండి.
- నోట్‌బుక్ తీసుకెళ్ళండి.
- "అటెండెంట్ ఎవరు?" అని తప్పకుండా అడుగుతారు. అక్కడ మనవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరు ఏ పూట ఉంటారో ముందే అనుకుని వెళ్ళండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పెద్దవాళ్ళు తమ ఇష్టంతో తామే అడ్మిట్ అవ్వొచ్చు. మందు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికి వస్తాయి. రానన్న మనిషిని మాత్రం మనం కాళ్ళూ చేతులూ కట్టి తీసుకెళ్ళకూడదు. తనని తాను చూసుకోలేని స్థితిలో, మతి లేకుండా రోడ్లమీద తిరుగుతుంటే అప్పుడు అదే చట్టం 100వ సెక్షన్ ప్రకారం రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యశాలకి చేర్చే బాధ్యత స్టేషన్ ఆఫీసర్‌ది. 112కి చేసి ఈ సెక్షన్ నంబర్ మర్యాదగా గుర్తుచేయండి, పని త్వరగా అవుతుంది.

ప్రైవేట్ రీహాబ్ (మత్తు మాన్పించే సెంటర్) అయితే మూడు అడగండి: రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా, రోజూ డాక్టర్ వస్తారా, మనం వెళ్ళి మనిషిని చూడొచ్చా. ఒక్కదానికి నీళ్ళు నమిలినా వెనక్కి తిరగండి. గొలుసులతో కట్టేయడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది, "మా దగ్గర క్రమశిక్షణ గట్టిగా ఉంటుంది" అని గొప్పగా చెప్పేవాళ్ళని నేనైతే నమ్మను.

ఇంకోటి, "తెలియకుండా అన్నంలో కలిపితే తాగుడు మానేస్తారు" అని గోడలమీద పోస్టర్లుంటాయి చూడండి, ఆ పొడుల జోలికి పోవద్దు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటి మందు మనిషికి తెలియకుండా పెడితే, ఆ తర్వాత ఆయన తాగితే, బీపీ పడిపోయి గుండెకే ప్రమాదం.

6. బయటికొచ్చాక, అసలు పని ఇక్కడే

డిశ్చార్జ్ అయిన మనిషికి చేతిలో మందుల చీటీ ఉంటుంది, వెళ్ళడానికి చోటు ఉండదు. కాళ్ళు అలవాటైన ఫుట్‌పాత్‌కే తీసుకెళ్తాయి, పాత జట్టు అక్కడే ఉంటుంది, 99 రూపాయల క్వార్టర్ షాపు అక్కడే ఉంటుంది. "ట్రీట్‌మెంట్ ఇప్పించినా బాగుపడలేదండి" అంటారే, ఆ కథలు నాకు తెలిసినవన్నీ డిశ్చార్జ్ అయిన రోజు సాయంత్రమే పాడయ్యాయి.

కాబట్టి డిశ్చార్జ్ తేదీ ముందే కనుక్కుని ఆ రోజుకి షెల్టర్‌లో పడక మాట్లాడి పెట్టండి. లేదా ఊరు వెళ్తానంటే ఇంటివాళ్ళతో ముందు మీరు మాట్లాడండి, వాళ్ళు రమ్మంటేనే బస్సెక్కించండి. కొన్ని ఇళ్ళల్లో భార్యాపిల్లలు ఆయన చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ళు, వాళ్ళు వద్దంటే బలవంతపెట్టే హక్కు మనకి లేదు.

మొదటి నెల ఈ నాలుగు చూసుకోండి:

- మాత్రలు. వారానికి సరిపడా మాత్రమే ఇవ్వండి, పాత స్ట్రిప్ చూసి కొత్తది.
- మళ్ళీ చూపించుకునే తేదీ. ముందు రోజు గుర్తుచేసి, కుదిరితే వెంట వెళ్ళండి.
- పని. హోటల్లో గిన్నెలు, నర్సరీలో నీళ్ళు పోయడం, స్టాండ్‌లో బండ్లు కడగడం లాంటివి. సాయంత్రం కూలీ ఇస్తూనే అందరూ కలిసి తాగే చోట వద్దు. సగం జీతానికి పనివాడు దొరికాడని సంబరపడే యజమాని అసలే వద్దు, ఆధార్ కార్డో జీతమో "నా దగ్గర భద్రంగా ఉంచుతా" అన్నాడంటే అక్కడి నుంచి తెచ్చేయండి. మీరు కూడా ఉంచుకోకండి.
- కాగితాలు. చిరునామా లేనివాళ్ళకి గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకులు ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆధార్ తీసుకోవచ్చు. అది వచ్చాక రేషన్, వృద్ధులైతే 4,000 రూపాయల పింఛనుకి వార్డు సచివాలయంలో అప్లై చేయించండి.

మళ్ళీ తాగితే? తాగుతాడు, చాలామంది ఒకసారైనా జారతారు. అరవకుండా మళ్ళీ మొదటి స్టెప్ నుంచి మొదలుపెట్టండి. ఇంజెక్షన్లు, మత్తు మాత్రలు వాడినవాళ్ళకి మాత్రం ముందే హెచ్చరించాలి: కొన్నాళ్ళు మానేశాక పాత డోసే తీసుకుంటే ఒళ్ళు తట్టుకోదు, ప్రాణం పోతుంది. సిటీలో ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానేయాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులు జరుగుతాయి, డబ్బులక్కర్లేదు. మన ఉపన్యాసం కంటే తాగి మానేసినవాడు చెప్పే రెండు మాటలు బాగా ఎక్కుతాయి.

7. కాలనీ మీటింగ్‌లో ఏం అడగాలి

అసోసియేషన్ మీటింగ్‌లో "గ్రిల్ వేయించేద్దాం, అరుగు మీద మేకులు కొట్టిద్దాం" అని ఎవరో ఒకరు లేస్తారు. దెబ్బలాడొద్దు, ఆయన భయం ఏంటో అడగండి. సాధారణంగా మూడే: దుర్వాసన, దొంగతనం, ఆడపిల్లలు వచ్చిపోయే దారి. వాసనకి దగ్గర్లో పబ్లిక్ టాయిలెట్ తెరిపించడం, మిగతా రెండింటికీ వీధి దీపాలు. ఈ రెండూ రాసి సంతకాలు పెట్టించి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఫలితం ఎలా తెలుస్తుంది

"మన గేటు దగ్గర కనపడట్లేదు" అన్నది ఫలితం కాదు. నిన్న రాత్రి ఆయన ఎక్కడ పడుకున్నాడో మీరు చెప్పగలిగితే సగం పని అయినట్టు. మిగతా సగానికి ఇవి చూడండి: మాత్రల స్ట్రిప్ ఖాళీ అవుతోందా, పొద్దున్న వణుకు తగ్గిందా, కాళ్ళ పుండు మానుతోందా, పిలవకుండానే పలకరిస్తున్నాడా, ఇంటివాళ్ళ ఫోన్ నంబర్ నోరు తెరిచి చెప్పాడా. మూడు వారాలైనా ఒక్కటీ కదల్లేదంటే 14446కి ఫోన్ చేసి కేసు వివరంగా చెప్పి సలహా అడగండి, వెళ్తున్న ఇద్దరిలో ఒకరిని మార్చి చూడండి. ఒక్కోసారి మొహం కుదరదు, అంతే.

అక్టోబర్, నవంబర్‌లో తుఫాను హెచ్చరిక వస్తే ఇవేవీ వర్తించవు. హుద్‌హుద్ చూసిన ఊరు మనది. తాగి ఉన్నా, రానన్నా, ముందురోజు మధ్యాహ్నానికే షెల్టర్‌కో, దగ్గర్లో తెరిచిన స్కూల్‌కో బతిమాలి చేర్చండి, దుప్పటీ మూటా వాడే మందులూ ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇవ్వండి, కేర్‌టేకర్‌కి మీ ఫోన్ నంబర్ రాసి ఇచ్చి రండి.